ద్రావణంలో లోహమెంతో కాంతితో కొలవడం

మైలుతుత్తం కరిగిన నీళ్లు నీలంగా ఉంటాయి. పొటాషియం పర్మాంగనేట్ వేస్తే ఊదారంగు, కోబాల్ట్ క్లోరైడ్ వేస్తే గులాబీ రంగు వస్తాయి. ద్రావణం మీద పడిన తెల్లని కాంతిలో కొంత భాగాన్ని లోహ అయాన్లు పీల్చుకోగా మిగిలినదే కంటికి చేరుతుంది. రాగి అయాన్లు ఎరుపునూ దాని పక్కనే ఉన్న పరారుణ కాంతినీ పీల్చుకుంటాయి కాబట్టి మైలుతుత్తం ద్రావణం నీలంగా మిగులుతుంది. కరిగిన లోహం పెరిగేకొద్దీ పోయే కాంతీ పెరుగుతుంది. పోయిన కాంతిని కొలిచి, కరిగి ఉన్న లోహమెంతో లెక్కగట్టడం రసాయన విశ్లేషణలో పాత పద్ధతుల్లో ఒకటి. తాగునీటి పరీక్ష నుంచి ఉక్కు నాణ్యత దాకా నేటికీ విరివిగా వాడుకలో ఉన్న పద్ధతి కూడా ఇదే.

దీనికి పునాది వేసినవారు ముగ్గురు. పారదర్శక పదార్థంలో సమాన మందం గల ఒక్కో పొర, తనలోకి వచ్చిన కాంతిలో ఒకే నిష్పత్తిని తీసేస్తుందని ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ బూగే 1729లో చూపాడు. యోహాన్ లాంబర్ట్ 1760లో దానికి గణితరూపం ఇచ్చాడు. ఆగస్ట్ బీర్ 1852లో రంగు లవణాల ద్రావణాలను పరీక్షించి, పొర మందానికి వర్తించేదే గాఢతకూ వర్తిస్తుందని తేల్చాడు. పాఠ్యపుస్తకాల్లో బీర్-లాంబర్ట్ నియమం అన్న పేరుతో నిలిచింది ఈ ముగ్గురి పనే.

నియమం చిన్నది. లోపలికి పంపిన కాంతిని బయటికి వచ్చిన కాంతితో భాగించి సంవర్గమానం తీస్తే వచ్చే సంఖ్య శోషణత. అది మూడింటి లబ్ధానికి సమానం: ద్రావణం గాఢత, కాంతి అందులో ప్రయాణించిన దూరం, ఆ పదార్థానికి ఆ తరంగదైర్ఘ్యం దగ్గర ఉండే మోలార్ శోషణ గుణకం. వందపాళ్ల కాంతిలో పదిపాళ్లు బయటికి వస్తే శోషణత 1, ఒక్క పాలే వస్తే 2. గాఢత రెట్టింపైతే బయటికొచ్చే కాంతి సగం కాదు. శోషణత మాత్రం సరిగ్గా రెట్టింపవుతుంది. గాఢతకూ శోషణతకూ గ్రాఫు గీస్తే సరళరేఖ రావడానికి ఇదే కారణం. సంవర్గమానం ఎందుకని విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది.

సూత్రం ఇంత తేలికైనప్పుడు నీటిని నేరుగా కాంతికి ఎదురుగా పెట్టి లోహాన్ని ఎందుకు కొలవరు? చాలా లోహ అయాన్ల సహజమైన రంగు మరీ బలహీనం. నీటిలో రాగి అయాన్ మోలార్ శోషణ గుణకం గరిష్ఠంగా 12 దాకానే ఉంటుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము రాగి ఉన్న నీటిని కాంతికి ఎదురుగా పెట్టే ఒక సెంటీమీటరు వెడల్పు పారదర్శక పాత్రలో, అంటే క్యువెట్‌లో పోస్తే శోషణత 0.0002 కూడా రాదు. మామూలు పరికరం దాన్ని సున్నా నుంచి వేరుచేసి చూపలేదు. అమోనియా కలిపితే నీలం చిక్కబడి గుణకం 50 దాకా పెరుగుతుంది, కానీ ఆ పెరుగుదల చాలదు. రాగిని క్యుప్రస్ స్థితికి తెచ్చి నియోక్యుప్రోయిన్ అనే కారకాన్ని కలిపితే పసుపు-నారింజ సంశ్లిష్టం ఏర్పడుతుంది. 457 నానోమీటర్ల దగ్గర దాని గుణకం సుమారు 8,000. అదే నీరు ఇప్పుడు 0.12 పైచిలుకు శోషణత ఇస్తుంది. జింకు, కాడ్మియం, సీసం, పాదరసం వంటి లోహాల అయాన్లకైతే నీటిలో రంగే ఉండదు. వాటికి రంగు అరువిచ్చే కారకం తప్పనిసరి.

ఈ తేడాకు కారణం ఎలక్ట్రాన్లు. నీటిలోని రాగి అయాన్‌లో ఎలక్ట్రాన్ లోహపు డీ-ఆర్బిటాళ్లలోనే ఒకదాని నుంచి మరొకదానికి ఎగరాలి. క్వాంటం నియమాలు ఆ ఎగురుడును దాదాపు నిషేధిస్తాయి కాబట్టి రంగు పలచగా ఉంటుంది. కారకంతో ఏర్పడిన సంశ్లిష్టంలో ఎలక్ట్రాన్ లోహం నుంచి దాన్ని చుట్టుకున్న అణువుకు, అంటే లైగాండ్‌కు గానీ, లైగాండ్ నుంచి లోహానికి గానీ దాటుతుంది. ఈ ఆవేశ బదిలీకి నిషేధం లేదు. అందుకే గుణకాలు వేలల్లో, కొన్నిసార్లు పదివేలల్లో ఉంటాయి. పర్మాంగనేట్ ఊదారంగు అంత గాఢంగా ఉండటానికి కారణం కూడా ఆవేశ బదిలీయే.

ఈ పద్ధతి పనితీరును దగ్గరగా చూడాలంటే నీటిలో ఇనుము పరీక్ష మంచి ఉదాహరణ. బోరునీటిలో ఇనుము ఎక్కువగా ఉన్న ఊళ్లలో అందరికీ తెలిసిన సంగతే: తోడినప్పుడు నీళ్లు తేటగా ఉంటాయి, కాసేపు నిలవుంచితే ఎర్రబారి అడుగున తుప్పులాంటి మడ్డి దిగుతుంది. భూమిలో గాలి తగలనప్పుడు ఇనుము ఫెర్రస్ రూపంలో కరిగి ఉంటుంది. గాలి తగలగానే ఫెర్రిక్‌గా మారి, హైడ్రాక్సైడుగా విడిపోతుంది. కాబట్టి సీసాలోకి నీళ్లు పట్టిన చోటే నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్‌ను 2 కంటే తగ్గించాలి. ఆ పని చేయకుండా పంపిన సీసాలో ఇనుము గోడలకూ అడుగుకూ అంటుకుపోతుంది. పైనున్న తేట నీటిని మాత్రమే తీసి పరీక్షిస్తే, ప్రయోగశాలలో ఎంత ఖరీదైన పరికరం ఉన్నా తక్కువ సంఖ్యే వస్తుంది. లోహ పరీక్షల్లో జరిగే పెద్ద తప్పులు చాలావరకు పరికరం దగ్గర కాక, బోరు దగ్గరే జరుగుతాయి.

ప్రయోగశాలలో 50 మిల్లీలీటర్ల నమూనాకు గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 2 మిల్లీలీటర్లు, హైడ్రాక్సిలమీన్ హైడ్రోక్లోరైడ్ ద్రావణం 1 మిల్లీలీటరు కలిపి, 15-20 మిల్లీలీటర్లు మిగిలేదాకా మరిగిస్తారు. ఆమ్లం మడ్డిని కరిగిస్తుంది. హైడ్రాక్సిలమీన్ ఫెర్రిక్ ఇనుమునంతా ఫెర్రస్‌గా మారుస్తుంది. చల్లారాక స్టాండర్డ్ ఫ్లాస్కులోకి మార్చి, అమ్మోనియం ఎసిటేట్ బఫర్, ఆపైన ఫినాంత్రోలిన్ ద్రావణం పోసి, గీత వరకు స్వేదనజలం నింపుతారు. ఒక్కో ఫెర్రస్ అయాన్‌ను మూడు ఫినాంత్రోలిన్ అణువులు చుట్టుముట్టి నారింజ-ఎరుపు సంశ్లిష్టాన్ని ఇస్తాయి. కనీసం పది నిమిషాలు ఆగి, 510 నానోమీటర్ల దగ్గర శోషణతను చదువుతారు. థయోసయనేట్‌తో వచ్చే రక్తవర్ణం కంటికి ఇంకా బాగుంటుంది గానీ త్వరగా వెలిసిపోతుంది. ఫినాంత్రోలిన్ రంగు చాలాకాలం చెక్కుచెదరదు. ఆ స్థిరత్వమే దీన్ని ప్రామాణిక పద్ధతిగా నిలబెట్టింది.

ఈ సంశ్లిష్టపు మోలార్ శోషణ గుణకం సుమారు 11,100. ఇనుము పరమాణుభారం 55.85 కాబట్టి లీటరుకు 1 మిల్లీగ్రాము ఇనుముకు ఒక సెంటీమీటరు క్యువెట్‌లో శోషణత దాదాపు 0.20 వస్తుంది. లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితే ఉతికిన బట్టల మీద మరకలు పడతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ స్థాయిలో శోషణత 0.06 మాత్రమే. అంత చిన్న సంఖ్యను నమ్మకంగా చదవడానికి 5 సెంటీమీటర్ల క్యువెట్ వాడితే అదే ద్రావణం 0.30 చూపిస్తుంది. కారకం మార్చకుండా, పరికరం మార్చకుండా, కాంతి నడిచే దారిని పొడిగించి సున్నితత్వం పెంచడం ఈ నియమం ఇచ్చే వరం.

పుస్తకంలోని గుణకాన్ని తీసుకుని నేరుగా లెక్కగట్టడం మాత్రం ఎవరూ చేయరు, చేయకూడదు కూడా. తెలిసిన గాఢత గల ప్రమాణ ద్రావణాలు నాలుగైదు తయారుచేసి, వాటినీ నమూనాలాగే మరిగించి, అవే కారకాలు అదే పరిమాణంలో పోసి గ్రాఫు గీయాలి. నమూనా శోషణతను ఆ గీత మీద చూసి గాఢత తెలుసుకోవాలి, పలుచన చేసి ఉంటే ఆ గుణకంతో హెచ్చించాలి. ఇనుము లేని నీటితో ఇదంతా చేసి బ్లాంక్ కూడా సిద్ధం చేసుకోవాలి. బ్లాంక్‌ను లాంఛనమనుకునేవారు అమ్మోనియం ఎసిటేట్ సంగతి తెలుసుకోవాలి: మంచి రకం లవణంలో కూడా కొలవదగినంత ఇనుము ఉంటుంది. ఆ బఫర్ ప్రతి ఫ్లాస్కులోనూ ఒకే పరిమాణంలో పడకపోతే నీటిలోని ఇనుమూ బఫర్‌లోని ఇనుమూ కలిసిపోతాయి, వాటిని విడదీసే దారి ఉండదు.

సరళరేఖ ఎక్కడిదాకా సరళంగా ఉంటుందన్నది తర్వాతి ప్రశ్న. బీర్ నియమం పలుచని ద్రావణాలకు వర్తిస్తుంది. గాఢత సుమారు 0.01 మోలార్ దాటితే అయాన్లు ఒకదాన్నొకటి ప్రభావితం చేసి గుణకమే మారిపోతుంది. రసాయన సమతాస్థితి కూడా గీతను వంచుతుంది. బఫర్ లేని డైక్రోమేట్ ద్రావణాన్ని పలుచన చేస్తే కొంత భాగం క్రోమేట్‌గా మారుతుంది, నారింజ రంగు పసుపు వైపు జరుగుతుంది. మొత్తం క్రోమియం లెక్క అదే అయినా, కాంతి చూసే పదార్థాల పాళ్లు మారిపోయాయి. పరికరం తప్పులు వేరు. కొలవాల్సిన తరంగదైర్ఘ్యం కాని కాంతి ఒక శాతం లోపలికి చొరబడితే, నిజంగా 2 ఉన్న శోషణత 1.7 గానే కనిపిస్తుంది, అంటే లోహం 15 శాతం తక్కువగా తేలుతుంది. శోషణత 0.2కూ 0.8కీ మధ్య ఉండేలా ద్రావణాన్ని సరిచేసుకోమని అధ్యాపకులు చెప్పడంలో గట్టి కారణముంది: మరీ తక్కువైతే రెండు పెద్ద కాంతి విలువల మధ్య చిన్న తేడాను పట్టుకోవాలి, మరీ ఎక్కువైతే మిగిలే కాంతే చాలదు. నీటిలో మకిలి ఉంటే కాంతి చెదిరిపోతుంది. పరికరం చెదిరిన కాంతినీ పీల్చుకున్న కాంతినీ ఒకే ఖాతాలో రాస్తుంది. క్యువెట్ మీది వేలిముద్ర కూడా అంతే.

ఇనుము పద్ధతి అర్థమైతే మిగతా లోహాలవి త్వరగా పట్టుబడతాయి. మాంగనీసును పెర్‌అయొడేట్‌తో ఆక్సీకరించి పర్మాంగనేట్‌గా మార్చి 525 నానోమీటర్ల దగ్గర చదువుతారు. ఉక్కులో మాంగనీసును తేల్చడానికి ఇది చాలాకాలం ఆధారం. టైటానియంకు హైడ్రోజన్ పెరాక్సైడు పసుపు రంగునిస్తుంది, నికెల్‌కు డైమిథైల్ గ్లయాక్సిమ్ ఉంది, యురేనియంకు ఆర్సెనజో-3 ఉంది. సీసానికీ పాదరసానికీ డైథిజోన్ వాడి, సంశ్లిష్టాన్ని క్లోరోఫామ్‌లోకి లాగేవారు. డైథిజోన్ దాదాపు ప్రతి బరువు లోహాన్నీ పట్టుకుంటుంది. పీహెచ్ మార్చి, సయనైడ్ వంటి విషాలతో మిగతా లోహాలను మరుగుపరచి, ఒక్కదాన్ని మిగల్చడానికి ఎంతో ఓపిక కావాలి. ఆ ఓపికా, ఆ విషపు కారకాలూ నేటి ప్రయోగశాలలకు అవసరం లేకపోవడం మంచిదే.

క్రోమియం దగ్గర మాత్రం రంగు పద్ధతి విలువ తగ్గలేదు, పైగా పెరిగింది. మూడు వేలన్సీ క్రోమియం అంత ప్రమాదకారి కాదు. ఆరు వేలన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం. తోళ్ల శుద్ధి, క్రోమియం పూత పరిశ్రమలున్న చోట్లా, ఒడిశాలోని సుకిందా లోయ వంటి క్రోమైట్ గనుల చుట్టూనూ నీటిలో ఏది ఎంతుందన్నదే అసలు ప్రశ్న. ఆమ్ల మాధ్యమంలో డైఫినైల్ కార్బజైడ్ ఆరు వేలన్సీ క్రోమియంతోనే ఎరుపు-ఊదా రంగునిస్తుంది, మూడు వేలన్సీ దాన్ని పట్టించుకోదు. 540 నానోమీటర్ల దగ్గర గుణకం సుమారు 40,000. భారత తాగునీటి ప్రమాణం మొత్తం క్రోమియానికి లీటరుకు 0.05 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. 5 సెంటీమీటర్ల క్యువెట్‌లో ఆ మాత్రం ఆరు వేలన్సీ క్రోమియానికి శోషణత 0.19 వస్తుంది. లక్షల రూపాయల పరికరం మొత్తం క్రోమియం ఇంత అని చెప్పి ఊరుకునే చోట, ఈ చవకైన కారకం ఏ రూపంలో ఉందో కూడా చెబుతుంది.

పరికరాల కథ కొంత చెప్పుకోవాలి. మొదట్లో నమూనానూ ప్రమాణ ద్రావణాలనూ పొడవాటి నెస్లర్ గొట్టాల్లో పోసి, పైనుంచి చూసి రంగులు పోల్చేవారు. పందొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో జూల్ డ్యుబోస్క్ తయారుచేసిన కలరీమీటర్‌లో ద్రావణం లోతును మారుస్తూ రెండు రంగులూ ఒకటయ్యేలా చేసేవారు. తర్వాత కంటి స్థానంలోకి ఫోటోసెల్ వచ్చింది. 1941లో అమెరికాలో బెక్‌మన్ కంపెనీ డీయూ స్పెక్ట్రోఫోటోమీటర్‌ను మార్కెట్లోకి తెచ్చాక తరంగదైర్ఘ్యాన్ని ఎంచుకుని కొలవడం మామూలు ప్రయోగశాలలకూ అందింది. కంటి పోలిక పూర్తిగా పోలేదు. జల్ జీవన్ మిషన్ కింద గ్రామాల్లో మహిళలకు శిక్షణ ఇచ్చి అందిస్తున్న క్షేత్ర పరీక్షా కిట్లలో ఇనుము వంటి వాటిని రంగుల కార్డుతో పోల్చి చూస్తారు. అక్కడ పనిచేసేది కూడా ఈ సూత్రమే. ఎక్కువా తక్కువా తేల్చడానికి అది పనికొస్తుంది, కచ్చితమైన సంఖ్యకు మాత్రం ప్రయోగశాలకు రావాలి.

కారకంతో రంగు తెప్పించే పద్ధతులన్నింటికీ ఒక ఇబ్బంది ఉంది: ద్రావణంలో శోషణ పట్టీలు పదుల నానోమీటర్ల వెడల్పున ఉంటాయి, ఒక లోహపు పట్టీ మరోదాని మీదికి ఒరిగిపోతుంది. లోహాన్ని ద్రావణంలో కాకుండా, విడివిడి పరమాణువులుగా వాయుస్థితిలోకి తెస్తే పట్టీలు సన్నని గీతలవుతాయి. సూర్యకాంతి వర్ణపటంలో నల్లగీతలను 1814లో ఫ్రాన్‌హోఫర్ నమోదు చేశాడు. వాటిలో డీ గీతలు సోడియం ఆవిరి పీల్చుకున్న కాంతి వల్లేనని 1859లో కిర్కాఫ్ నిరూపించాడు. అయినా దాన్ని లోహాలు కొలవడానికి వాడాలన్న ఆలోచన రావడానికి దాదాపు వందేళ్లు పట్టింది. అణువులను శోషణతోనూ, పరమాణువులను ఉద్గారంతోనూ కొలవడం అలవాటుగా ఎందుకు మారిందని ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓలో పనిచేస్తున్న అలన్ వాల్ష్ 1952లో తనను తాను ప్రశ్నించుకున్నాడు. మంటలో పరమాణువుల్లో అత్యధిక భాగం ఉత్తేజం పొందకుండా భూస్థితిలోనే ఉంటాయి. కాంతిని వెలువరించేవి కొద్ది, పీల్చుకోగలిగేవి దాదాపు అన్నీ. వాల్ష్ వ్యాసం 1955లో వెలువడింది. అదే ఏడాది నెదర్లాండ్స్‌లో అల్కెమేడ్, మిలాట్జ్ కూడా విడిగా ఈ ఆలోచనను ప్రకటించారు.

వాల్ష్ అసలు గొప్పతనం దీపం దగ్గర ఉంది. మంటలో పరమాణువు పీల్చుకునే గీత వెడల్పు నానోమీటరులో కొన్ని వెయ్యోవంతులే. మామూలు బల్బు కాంతిని ఎంత బాగా వడకట్టినా అంతకు వందరెట్ల వెడల్పు కాంతి మిగులుతుంది. అందులోంచి అంత సన్నని గీత పోయినా తెలియదు. ఏ లోహాన్ని కొలవాలో ఆ లోహంతోనే చేసిన హాలో కేథోడ్ దీపాన్ని వాడితే, దాని పరమాణువులు తమ గీతలనే ఇంకా సన్నగా వెలువరిస్తాయి. రాగి దీపం 324.8 నానోమీటర్ల కాంతినిస్తే దాన్ని పీల్చుకునేవి మంటలోని రాగి పరమాణువులే. సీసానికి 283.3, జింకుకు 213.9, కాడ్మియంకు 228.8. తాళానికి తగిన తాళంచెవిలా దీపమూ లోహమూ జతపడతాయి. అందుకే పక్కన పది లోహాలున్నా వాటిని వేరుచేయకుండా ఒక్కదాన్ని కొలవడం సాధ్యమైంది.

ద్రావణాన్ని సన్నని తుంపరగా చేసి మంటలోకి పంపుతారు. గాలి-ఎసిటిలీన్ మంట సుమారు 2,300 డిగ్రీల సెల్సియస్ వేడినిస్తుంది. అల్యూమినియం, టైటానియం వంటి మొండి ఆక్సైడులను విడగొట్టడానికి అది చాలదు, నైట్రస్ ఆక్సైడ్-ఎసిటిలీన్ మంట కావాలి. రసాయనం ఇక్కడా వెంటాడుతుంది. నమూనాలో ఫాస్ఫేట్ ఉంటే కాల్షియం దానితో గట్టిగా ముడిపడి మంటలో పరమాణువులుగా విడిపోదు. లాంథనం లవణం కలిపితే ఫాస్ఫేట్ దాన్ని పట్టుకుని కాల్షియాన్ని వదులుతుంది. పొటాషియం వేడికి అయనీకరణం చెంది లెక్కలోంచి తప్పుకుంటుంది, దానికి విరుగుడుగా సీజియం కలుపుతారు. మంటలోని పొగ, ఉప్పు రేణువులు అడ్డుపడటం వల్ల పోయే కాంతిని డ్యుటీరియం దీపంతో గానీ, జీమన్ ప్రభావంతో గానీ వేరుచేసి తీసేయాలి.

తుంపరలో పదో వంతు కూడా మంటకు చేరదు, చేరిన పరమాణువు కాంతి దారిలో ఉండేది క్షణంలో చిన్న భాగమే. లెనిన్‌గ్రాడ్‌లో బోరిస్ ల్వోవ్ మొదలుపెట్టిన గ్రాఫైట్ ఫర్నేస్ ఈ నష్టాన్ని తప్పించింది. 20 మైక్రోలీటర్ల నమూనాను చిన్న గ్రాఫైట్ గొట్టంలో వేసి, ముందు ఆరబెట్టి, తర్వాత సేంద్రియ పదార్థాన్ని మసిచేసి, చివరికి 2,000 డిగ్రీలకు పైగా ఒక్కసారిగా వేడిచేస్తే లోహమంతా గొట్టంలోనే ఆవిరై కాసేపు నిలుస్తుంది. మంటతో మిల్లీగ్రాముల్లో మాట్లాడే చోట దీనితో మైక్రోగ్రాముల్లో మాట్లాడవచ్చు. రక్తంలో సీసాన్ని కొలవడానికి ఇది దశాబ్దాలుగా ప్రధాన పద్ధతి. పాదరసానికి మంటే అక్కర్లేదు, చల్లని ఆవిరి పద్ధతి చాలు. దాన్ని స్టానస్ క్లోరైడ్‌తో లోహంగా మార్చి, గాలి పంపి, గది ఉష్ణోగ్రత దగ్గరే ఆవిరిని 253.7 నానోమీటర్ల కాంతికి ఎదురుగా పట్టుకుంటారు.

ప్లాస్మాను వాడే ఐసీపీ పరికరాలు వచ్చాక ఒకేసారి డజన్ల కొద్దీ లోహాలను కొలవడం సాధ్యమైంది. పెద్ద ప్రయోగశాలలు అటే మొగ్గుతున్నాయి. అంతమాత్రాన శోషణ పద్ధతుల పని అయిపోయిందనడం సరికాదు. ఏ లోహమో ముందే తెలిసి, లీటరుకు మిల్లీగ్రాముల స్థాయిలో ఉన్నప్పుడు మంచి కారకం, సరైన బ్లాంక్, ఓ మోస్తరు స్పెక్ట్రోఫోటోమీటర్ చాలు. జిల్లా నీటి ప్రయోగశాలకూ, డిగ్రీ కళాశాలకూ, చిన్న పరిశ్రమకూ అదే సరైన ఎంపిక. రూపం ముఖ్యమైన క్రోమియం వంటి చోట రంగు పద్ధతే ముందుండాలి. నమూనాలో ఏవో తెలియని అడ్డంకులు ఉంటే, తెలిసిన మోతాదులో అదే లోహాన్ని నమూనాకే కలిపి పెరుగుదలను చూసే ప్రమాణ సంకలన పద్ధతి వాడాలి. సీసం, కాడ్మియం, పాదరసం వంటి విషాల విషయంలో మాత్రం మంట గానీ రంగు గానీ చాలవు. భారత ప్రమాణం సీసానికి లీటరుకు 0.01, కాడ్మియంకు 0.003, పాదరసానికి 0.001 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. వాటిని నమ్మకంగా తేల్చాలంటే గ్రాఫైట్ ఫర్నేస్, చల్లని ఆవిరి పద్ధతి, లేదా ఐసీపీ ఉండాల్సిందే.

నీటి నివేదికలో సీసం ఎదురుగా ‘గుర్తించబడలేదు’ అని రాసి ఉంటే, ఏ పద్ధతితో చూశారో, ఆ పద్ధతి గుర్తింపు పరిమితి ఎంతో అడిగి తెలుసుకోవాలి. మంట పద్ధతి సీసాన్ని పట్టగలిగే హద్దు ప్రమాణం పెట్టిన 0.01కి దగ్గరగానో దాని పైనో ఉంటుంది. కాబట్టి దానితో వచ్చిన ‘గుర్తించబడలేదు’ ఆ నీరు ప్రమాణానికి లోబడి ఉందని రుజువు చేయదు. పద్ధతి పేరూ, గుర్తింపు పరిమితీ ముద్రించని నివేదికను ప్రజలు గానీ, పంచాయతీలు గానీ అంగీకరించకూడదు.